జీర్ణోద్ధరణ ధర్మము

శిథిలమైనదానిని బాగుచేయ బూనినవాడు దానికంటె బలవంతుడై యుండవలెనా? ఈ ప్రశ్నకు మనలో ననేకులు తడవుకొనక ఔననియే చెప్పుదురు. మేమును నొకప్పు డట్లే చెప్పియుందుము. కాని మా యింటి గోడ యొకటి మాకు వేఱు పాఠము నేర్పినది.

మా పితామహులు కట్టించిన యింట పడమటి గోడ చెమ్మపట్టి పూత రాలుచుండెను. అది యిటుకయు గానుగ సున్నమును జేర్చి కట్టిన గోడ. ఇక శాశ్వతముగ నుండునను నాసతో మేము దానికి మందముగ సిమెంటు పూయించితిమి. ఆఱేండ్లు గడచునప్పటికి ఆ పూత పెచ్చులుగా నూడిపడెను. దాని వెనుక నిటుకలు పిండియై యుండెను. వృద్ధుడైన తాపీమేస్త్రి వచ్చి చూచి, “పంతులుగారూ, గోడకు ఊపిరాడకుండ చేసినారండీ. చెమ్మ ఎటు పోతుంది? ఇటుకను తినేసింది” అనెను. రోమకుల సున్నపు చరిత్రమును జదివిన పిదప గాని యా మాటలోని ధర్మము మాకు బూర్తిగా బోధపడలేదు.

క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున నుండిన విట్రూవియస్ అను వాస్తువేత్త, త్రవ్వి తీసిన యిసుక మూడుపాళ్లకు సున్న మొకపాలనియు, ఏటి యిసుకయైనచో రెండుపాళ్ల కొకపాలనియు విధించెను. ఏటి యిసుకకు జల్లించిన పెంకుల పొడి చేర్చిన మేలనియు జెప్పెను. మన తాపీవారు సున్నమున గలుపు సుర్కీ యిట్టిదే. వెసూవియస్ కొండచుట్టును దొరకు బూడిదను సున్నముతో గలిపిన నీటిలో సైతము గట్టిపడునని యాతడు వ్రాసెను. బూడిదలోని సిలికా, అల్యూమినా అను ద్రవ్యములు సున్నముతో సంయోగము నొందుటయే దీనికి గారణము. హేడ్రియన్ చక్రవర్తి కాలమున, 126 ప్రాంతమున ముగిసిన పాంథియన్ ఆలయపు గుమ్మటము 43 మీటర్ల వెడల్పు గలది. ఇనుప కమ్ముల యాధారము లేకయే యది నేటికిని నిలిచియున్నది.

అయినను రోమకులందఱు నిట్లే కట్టిరని తలపరాదు. 79లో వెసూవియస్ బ్రద్దలైనపుడు ప్రాణములు గోల్పోయిన ప్లినీ యను పండితుడు, నగరమున నిండ్లు కూలుటకు ముఖ్యకారణము సున్నపు దొంగతనమని స్పష్టముగ వ్రాసెను. మూడేండ్లు నాననిదే సున్నమును వాడరాదని పూర్వులు గుత్తదారులకు నిబంధన చేసియుండిరనియు నాతడే తెలిపెను. శాస్త్ర మొక్కటియే; నిలిచిన గోడకును గూలిన గోడకును గల భేదము కట్టినవాని శీలమున నున్నది.

1824లో జోసెఫ్ ఆస్ప్డిన్ అను నాంగ్లేయుడు పోర్ట్‌లండ్ సిమెంటునకు హక్కుపత్రము పొందెను. తరువాతి కాలమున నది మిక్కిలి బలిష్ఠమై లోకమంతట వ్యాపించెను. 1931లో ఏథెన్సున గూడిన విద్వత్సభ ప్రాచీన కట్టడముల మరమ్మతున నినుము చేర్చిన కాంక్రీటును వివేకముతో వాడవచ్చుననియు, సాధ్యమైనంతవఱకు దానిని గనబడనీయరాదనియు దీర్మానించెను. కాని సున్నపు గోడ చెమ్మను పీల్చి విడుచును. సిమెంటు దానిని బంధించును. గోడ కొంచెము కదలినపుడు మెత్తని సున్నము తాను లొంగి యిటుకను గాపాడును. కఠినమైన సిమెంటు లొంగదు గనుక నిటుకయే పగులును. సిమెంటులోని లవణములును జేరి ఱాతిని బొడిచేయును. కావున మరమ్మతు చేయువారు నేడు పాటించు సూత్ర మిది: అతుకు ఱాతికంటె మెత్తగా నుండవలెను; చెడవలసివచ్చినచో నతుకే ముందు చెడవలెను.

ఈ విషయమున మఱియొక వింత కలదు. రోమకుల కాంక్రీటులో దెల్లని సున్నపు ముద్ద లగపడును. ఇవి పనివారి యజాగ్రత్తవలన నేర్పడినవని చిరకాలము పండితులు తలచిరి. గోడ బీటవాఱి నీరు చొచ్చినపుడు ఆ ముద్దలు కరగి, మరల స్ఫటికములై బీటను బూడ్చునని 2023లో నమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దోషమని యెంచబడినది గుణమయ్యెను.

అట్లయిన సంస్కర్త సర్వదా మెత్తగనే యుండవలెనా యని చదువరులు మమ్మడుగవచ్చును. అట్లు గాదు. కుళ్లిన ఱాతిని దీసివేయక తప్పదు. అస్పృశ్యత, బాల్యవివాహము మొదలగునవి యట్టి ఱాళ్లు. వానికి మెత్తని పూత పూయుట మోసము. కాని మంచి ఱాళ్లను గలిపెడి యతుకున మాత్రము మన కాఠిన్యము పనికిరాదు. చదువుకొని యింటికి వచ్చిన కుమారుడు తల్లి యాచారములను నొక్కదినమున బరిహసించి యామె నోరు మూయించునుగాక. ఆమె మౌనమును జూచి తాను గెలిచితినని యతడు సంతోషించును. మా గోడకు బూత పూసిననాడు మేమును నట్లే సంతోషించితిమి.

రెండవ ధర్మము సత్యము. రోమునగరమున టైటస్ విజయద్వారమును 1820 ప్రాంతమున వలాడియర్ అను శిల్పి బాగుచేసెను. ప్రాతభాగము పాలఱాయి, పోయిన భాగములను ట్రావర్టీన్ అను వేఱు ఱాతితో, నలంకారములు చెక్కక, సాదాగ నింపెను. దూరమునకు ద్వారమంతయు నొక్కటిగ దోచును. దగ్గఱకు వచ్చినవానికి నేది ప్రాతయో యేది క్రొత్తయో తెలియును. 1964లో వెనిస్ నగరమున గూడిన సభ దీనినే నియమముగ నంగీకరించి, క్రొత్తగ జేర్చినది ప్రాతదానితో బొందికగ నుండియు వేఱని గుర్తింపబడునట్లు చేయవలెననెను. క్రొత్త యాచారమును బ్రవేశపెట్టి యిది వేదకాలమునుండి యున్నదని బొంకువారును, ప్రాతదానిని దమదిగా జెప్పుకొనువారును నీ ద్వారమును జూడదగును.

మేస్త్రి మా గోడపై మిగిలిన సిమెంటును జెక్కివేసి, పొడియైన యిటుకలను మార్చి, మరల సున్నమే పూసెను. “ఎన్నాళ్లుంటుంది?” అని మేమడిగితిమి. “కొన్నేళ్లకు రాలుతుందండీ. మళ్లీ పూసుకోవాలి. గోడ మాత్రం ఉంటుంది” అని యాతడు చెప్పెను. మా పూర్వు లేటేట నింటికి సున్నము వేయించుచుండిరి. ఒక్కసారి పూసి యిక నా గోడను జూడ నక్కఱ లేకుండ జేసికొనవలెనని మేము తలచితిమి. మా తప్పు సిమెంటుకంటె నా తలంపునందే యెక్కువగ నున్నది.