సైంధవుడి డ్యూటీ

హైదరాబాద్ ఐటీలో పనిచేసినవాళ్ళకి 'సపోర్ట్ ప్రాజెక్ట్' అన్న మాట ఎలా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు. పెళ్ళిచూపుల్లో కాస్త గొంతు తగ్గించి చెప్పే మాట అది. అందుకేనేమో, బ్రిటిష్ సైన్యంలో 'స్పెషల్ ఫోర్సెస్ సపోర్ట్ గ్రూప్' అని ఒక దళం ఉందని మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. అక్కడా మనవాళ్ళే అన్నమాట, అనుకున్నాను.

వాళ్ళ పనేంటో చదివాక ఆ నవ్వు నిలవలేదు. 2006 ఏప్రిల్‌లో ఏర్పడిన దళం. పారాచ్యూట్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ దీనికి వెన్నెముక. రాయల్ మెరీన్స్ నుంచి, ఆర్‌ఏఎఫ్ రెజిమెంట్ నుంచి ఇంకొందరు వచ్చి కలిశారు. స్థావరం వేల్స్‌లోని సెయింట్ ఏథన్. ఎస్‌ఏఎస్ లాంటి పేరున్న దళం ఒక చోటికి చొరబడుతుంటే, చుట్టూ వలయం కట్టి ఎవరూ రాకుండా, పోకుండా చూడాలి. అవసరమైతే పక్కనే ఇంకో దాడి చెయ్యాలి. 2000 సెప్టెంబర్ 10న సియెరా లియోన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బందీలుగా ఉన్న సైనికుల్ని విడిపించడానికి ఎస్‌ఏఎస్ రోకెల్ క్రీక్ ఉత్తరపు ఒడ్డున గ్బెరి బానాలో దిగింది. అదే సమయంలో పారాలు దక్షిణపు ఒడ్డున చిత్తడి నేలలో దిగి మాగ్బెని అనే ఊరి మీద పోరాడారు. వాళ్ళలో చాలామంది గాయపడ్డారు. దాన్ని 'సాయం' అనడానికి నాకైతే నోరు రాదు.

ఈ దళాల పేర్ల చరిత్ర తమాషాగా ఉంటుంది. 1941లో డేవిడ్ స్టర్లింగ్ పోగేసిన గుప్పెడు మందికి 'ఎల్ డిటాచ్‌మెంట్, స్పెషల్ ఎయిర్ సర్వీస్ బ్రిగేడ్' అని పేరు పెట్టారు. నిజానికి అలాంటి బ్రిగేడ్ ఏదీ లేదు. శత్రువుని కంగారు పెట్టడానికి డడ్లీ క్లార్క్ అనే అధికారి కాగితాల మీద సృష్టించిన సైన్యం అది. ఈ అబద్ధంతో నాకు పేచీ లేదు. యుద్ధంలో శత్రువుని మోసం చెయ్యడం ఎత్తుగడే.

పేచీ ఇంకో పేరుతో. ఉత్తర ఐర్లండ్‌లో సాయుధ ముఠాల్లో ఇన్‌ఫార్మర్లని పెట్టి నడిపిన సైనిక నిఘా విభాగం పేరు 'ఫోర్స్ రీసెర్చ్ యూనిట్'. రీసెర్చ్! ఏదో లైబ్రరీలో కూర్చుని చేసే పనిలా ఉంది. దాని ఏజెంట్ బ్రయన్ నెల్సన్ ఒక లాయలిస్ట్ ముఠాకి సమాచారం సేకరించి పెట్టేవాడు. 1989లో ఆ ముఠావాళ్ళు పాట్ ఫినుకేన్ అనే లాయర్ని ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. 2012లో వచ్చిన డిసిల్వా నివేదిక, నెల్సన్ చేసినదానికి సైన్యం కూడా కొంత బాధ్యత మొయ్యాలని తేల్చింది. తుపాకీ పేల్చింది సైనికులు కాదు. అయినా 'కొంత'. ఆ కొంత ఎంత అన్నదే నా ప్రశ్న.

మనకి ఈ లెక్క కొత్త కాదు. పద్మవ్యూహంలో అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపింది వేరేవాళ్ళు. సైంధవుడు చేసింది ద్వారం దగ్గర నిలబడి, వెనకాల వస్తున్న పాండవుల్ని ఆపడం. అచ్చంగా వలయం కాసే డ్యూటీ. అయినా రేపు సూర్యాస్తమయంలోగా చంపుతానని అర్జునుడు శపథం చేసింది సైంధవుణ్ణే. చిన్నప్పుడు ఇది అన్యాయంగా తోచేది. ఇప్పుడు అర్థమవుతోంది: ఆ ద్వారం మూసుకోకపోతే లోపల ఆ పని జరిగేది కాదు. మన భాష కూడా అర్జునుడి పక్షమే. అడ్డుపడ్డవాణ్ణి ఇప్పటికీ సైంధవుడనే తిడతాం.

కానీ సైంధవుడికి లోపల ఎవరున్నారో, ఏం జరుగుతోందో తెలుసు. రాత్రిపూట ఒక ఊరి చుట్టూ కాపలా ఉన్న సైనికుడికి తెలీకపోవచ్చు. కాల్పులు వినిపిస్తాయి, ఎవరి మీదో తెలీదు. అఫ్ఘానిస్తాన్‌లో 2010-13 మధ్య బ్రిటిష్ స్పెషల్ ఫోర్సెస్ చేసిన రాత్రి దాడుల్లో చట్టవిరుద్ధంగా హత్యలు జరిగాయన్న ఆరోపణల మీద విచారణ కోసం 2022లో ఒక కమిటీ వేశారు. నేను తీర్పు చెప్పబోవడం లేదు. తెలియనివాడి మీద తెలిసినవాడంత తప్పు మోపలేం, నిజమే. అయితే తెలియకపోవడాన్ని కూడా ఏర్పాటు చెయ్యొచ్చు. 'సపోర్ట్' అన్న పేరు ఆ ఏర్పాటులో ఒక భాగం అనిపిస్తుంది నాకు. ఆ పేరుతో వాక్యంలో కర్త ఎప్పుడూ ఇంకొకడే అవుతాడు.

ఇదంతా నాకెందుకంటే, కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి వేరే టీమ్ మా క్లయింట్ సిస్టమ్‌లో ఒక స్క్రిప్ట్ నడిపింది. లోన్ తీసుకున్న కొంతమంది ఖాతాల్లోంచి వాయిదా రెండుసార్లు కోతపడింది. నెలాఖరు. ఎవరింట్లో అద్దె ఆగిందో, ఎవరు స్కూలు ఫీజు కట్టలేకపోయారో మాకు తెలీదు. తర్వాత వచ్చిన రిపోర్టులో మా టీమ్ పేరు పక్కన 'సపోర్ట్ మాత్రమే' అని ఉంది. చదివి హమ్మయ్య అనుకున్నాను. స్క్రిప్ట్ నడుస్తున్న రెండు గంటలూ అలర్టులు మోగకుండా ఆపి ఉంచింది నేనే. మధ్యలో ఒకసారి డాష్‌బోర్డ్ తెరిచి చూద్దామనుకున్నాను. మన పని కాదులే అని టీ తాగడానికి కిందకి వెళ్ళాను.