ముందే సిద్ధపడే చిన్న జీవులు

శీతల దేశాల్లో చలికాలం రాగానే సరస్సులు గడ్డకడతాయి. అయితే లోతైన సరస్సు అడుగుదాకా గడ్డకట్టదు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడిన నీరు తేలికై పైకి చేరి, సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టి అక్కడే తేలుతుంది. ఆ మంచు పొరే కింది నీటికి చలిగాలి తగలకుండా కాపు కాస్తుంది. ప్రాణికన్నా ముందే ప్రాణరక్షణ ఏర్పడి ఉండడంలో ఆస్తికులు ఈశ్వర సంకల్పాన్ని దర్శిస్తారు.

రక్షణ ఉన్నా, ఆహారం కరువే. మంచు దట్టంగా కప్పేస్తే వెలుతురు లోపలికి దిగదు. వెలుతురు లేక నాచు తగ్గిపోతుంది. ఆ నాచు మీదే బతికే అతి చిన్న జంతువులు, అంటే జంతుప్లవకాలు, ఈ గడ్డుకాలాన్ని రెండు విధాలుగా దాటుతాయి. భారతీయ చింతనలోని నివృత్తి (లోపలికి మళ్లడం), ప్రవృత్తి (పనిలో కొనసాగడం) మార్గాలను అవి తలపిస్తాయి.

మొదటి మార్గం డాఫ్నియాది. ఇది రెండు మూడు మిల్లీమీటర్ల జీవి. వేసవిలో ఆడవే మగవాటితో పని లేకుండా సంతానాన్ని కంటాయి. పగలు కురచై, తిండి తగ్గి, గుంపు పెరిగినప్పుడు మగవి కూడా పుడతాయి. జతకట్టిన ఆడజీవి వీపు మీద జీను ఆకారంలో ఒక నల్లని పెంకు ఏర్పడుతుంది. అందులో సాధారణంగా రెండు గుడ్లు ఉంటాయి. తల్లి కుబుసం విడిచినప్పుడు ఆ పెంకు ఊడి, చాలాసార్లు అడుగు బురదలోకి చేరుతుంది. లోపలి పిండం ఎదుగుదల ఆగిపోతుంది గాని ప్రాణం పోదు. వసంతంలో వెలుతురు, వెచ్చదనం అందగానే పిల్లలు బయటికొస్తాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక సరస్సు బురద నుంచి తీసిన దాదాపు 700 ఏళ్లనాటి గుడ్లను సైతం శాస్త్రవేత్తలు పొదిగించగలిగారు. ఇంద్రియాలను లోపలికి మళ్లించుకునే స్థితప్రజ్ఞుడిని తాబేలుతో పోల్చిన భగవద్గీత రెండో అధ్యాయం ఇక్కడ గుర్తుకు రాక మానదు.

రెండో మార్గం చలిలోనూ పని మానకపోవడం. రష్యాలోని సైబీరియాలో ఉన్న బైకాల్ సరస్సు గరిష్ఠ లోతు 1,642 మీటర్లు. జనవరి నుంచి మే దాకా అది మంచుతో కప్పి ఉంటుంది. అక్కడి మంచు చాలాచోట్ల అద్దంలా పారదర్శకం కాబట్టి వెలుతురు లోపలికి దిగుతుంది, నాచు పెరుగుతుంది. ఎపిషురా అనే ఒకటిన్నర మిల్లీమీటర్ల జీవి దాన్ని తింటూ మంచు కిందే ఒక తరాన్ని పెంచుతుంది. ఇతర ఉత్తరాది సరస్సుల్లోని ఇలాంటి జీవులు కొన్ని శరదృతువులోనే కొవ్వు కూడబెట్టుకుంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే, వాటి పారదర్శకమైన ఒంట్లో నూనె బొట్లు మెరుస్తూ కనిపిస్తాయి. చలికాలమంతా వాటికి ఆ నిల్వే ఆధారం.

బైకాల్ జీవుల గురించిన జ్ఞానం కూడా పరంపరగానే నిలిచింది. శాస్త్రవేత్త మిఖాయిల్ కోజోవ్ 1945లో అక్కడ క్రమం తప్పని నీటి పరీక్షలు మొదలుపెట్టారు. ఆయన తర్వాత కుమార్తె ఓల్గా, ఆపై మనవరాలు ల్యుబోవ్ ఆ పని కొనసాగించారు. మంచు మీద చలిని ఓర్చుతూ మూడు తరాలు చేసిన ఆ పరిశీలన కూడా తపస్సే.

మార్గాలు రెండైనా డాఫ్నియాలోనూ, కొవ్వు కూడబెట్టే జీవుల్లోనూ కనిపించేది ఒక్కటే: ముందస్తు సిద్ధపాటు. డాఫ్నియా పెంకు నీరు గడ్డకట్టకముందే తయారవుతుంది. కొవ్వు తిండి దొరికే రోజుల్లోనే చేరుతుంది. ఆ జీవులకు ఇది ప్రకృతి ఇచ్చిన స్వభావం. మనిషి మాత్రం దీన్ని వివేకంతో సాధించుకోవాలి. జపం, ధ్యానం, సత్సంగం ఆపద వచ్చాక వెతుక్కునేవి కావు. ఒంట్లో సత్తువ, మనసులో నెమ్మది ఉన్న రోజుల్లోనే అలవరచుకున్న సాధన కష్టకాలంలో అక్కరకొస్తుంది.