లాబాను మందను విడుచు వేళ

ధ్యానభాగము: ఆదికాండము 31వ అధ్యాయము



మన గ్రామములలో సికిందరాబాదుకు పనికి పోయిన బిడ్డ లేని యిల్లు అరుదు. ఒకడు కార్ఖానాలో నున్నాడు, ఒకడు దుకాణములో నున్నాడు, ఒకతె ఆసుపత్రిలో నున్నది. కొందరు తెల్లవారుజామున అడ్డామీద నిలుచుండి ఆ దినపు కూలి వెదకుకొనుచున్నారు. పని దొరకునట్లు ప్రార్థించుమని మమ్మును అడుగువారు అనేకులు. దొరికిన పనిని ఎప్పుడు విడువవలెనో అడుగువారు బహు కొద్దిమంది. అట్లడిగిన ఒకనికి మేము తప్పు జవాబు చెప్పితిమి. ఆ సంగతి దాచక మీకు తెలియజేయుచున్నాము.

మన సంఘపు యౌవనుడొకడు పట్టణములో ఒక చిన్న కార్ఖానాలో పని చేయుచుండెను. కోతపండుగకు ఇంటికి వచ్చి, ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద మాకొరకు కాచుకొని యుండెను. "అయ్యగారూ, మూడు నెలల సంది జీతం లేదు. ఇడిసిపెట్టాల్నా, ఉండాల్నా?" అని అడిగెను. మేము త్వరలో నుంటిమి. వేరొక గ్రామములో కూటమున్నది. "ఓర్చుకో, నాయనా. ఓర్చుకొనువానిని దేవుడు విడువడు" అని చెప్పి పంపితిమి. అతడు మా మాట విని తిరిగి వెళ్లెను. గది కిరాయికిని తిండికిని తల్లి తన చెవికమ్మలు కుదువబెట్టి డబ్బు పంపెను. మరి నాలుగు నెలలకు కార్ఖానాకు తాళము పడెను. జీతము రాలేదు, కమ్మలును రాలేదు. ఆ తల్లి నేటికిని బోడి చెవులతో ముందు వరుసలో కూర్చుండును. ప్రసంగించునప్పుడు మా చూపు అటు పోయిన యెడల మాట తడబడును.

ఆ తరువాత మేము యాకోబు చరిత్రను మరల చదివితిమి. యాకోబు సోమరి కాడు. లాబాను ఇంట ఇరువది యేండ్లు కొలువు చేసెను. కుమార్తెల నిమిత్తము పదునాలుగేండ్లు, మంద నిమిత్తము ఆరేండ్లు. పగలు ఎండకును రాత్రి మంచుకును ఓర్చెను. మృగము చీల్చిన గొఱ్ఱె నష్టమును తానే పెట్టుకొనెను. అంత ఓర్చినవానితో దేవుడు ఇంకను ఓర్చుమని చెప్పక బయలుదేరుమని చెప్పెను. దీనినిబట్టి ఓర్పు వేరు, కదలకపోవుట వేరు అని మనము నేర్చుకొనవలెను.

యాకోబుకు కనబడిన గుర్తులేవి? మొదటిది, కూలి మాట నిలువలేదు. పది మారులు యజమాని జీతమును మార్చెను. రెండవది, లాబాను ముఖము మునుపటివలె లేదు. అతని కుమారులు యాకోబునుగూర్చి దొంగ మాటలు పలుకుచుండిరి. అయితే ఈ రెండు గుర్తులు చూచిన వెంటనే యాకోబు కఱ్ఱ పారవేసి పోలేదు. దేవుని మాటకు చెవియొగ్గెను. రాహేలును లేయాను పొలములోనికి పిలిపించి ఉన్న సంగతి చెప్పెను. వారు సమ్మతించిన తరువాతనే ప్రయాణము కట్టెను. పోవలసిన చోటు ఏదో కూడ అతనికి తెలియును. మేస్త్రీ ఒక మాట అన్నాడని మధ్యాహ్నమే సద్దిగిన్నె ఎత్తుకొని యింటికి వచ్చువాడు యాకోబు మార్గమున నడుచువాడు కాడు. అట్టివాడు ఒక రాత్రి నిద్రపోయి, తన తప్పేమైన ఉన్నదా అని తెల్లవారి తన్ను తాను పరీక్షించుకొనవలెను.

యాకోబు చేసిన పొరపాటును కూడ లేఖనము దాచలేదు. లాబాను గొఱ్ఱెల బొచ్చు కత్తిరించుటకు పోయిన సమయమున ఇతడు చెప్పక వెళ్లెను. ఏడు దినముల ప్రయాణమంత దూరము లాబాను తరిమెను. తన గృహదేవతలను దొంగిలితివని నిందించెను. రాహేలు వాటిని తీసికొన్నదని యాకోబుకు తెలియనే తెలియదు. పగటివేళ చెప్పి, లెక్క ఒప్పగించి బయలుదేరినవానికి ఇట్టి భయము లేదు.

అయితే, జీతము సరిగా వచ్చుచుండగా, యజమాని ముఖము ప్రసన్నముగా నుండగా, పని మార్చుకొనుట తగునా? మన సికిందరాబాదులోనే ఒక సాక్ష్యమున్నది. 1895లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇక్కడికి వచ్చి తిరుమలగిరిలో ఆంగ్ల సైనికుల మధ్య సేవ ఆరంభించిరి. అది చెడ్డ పని కాదు. అయినను ఆ సేవతో ఆయన మనస్సు తృప్తి పొందలేదు. గ్రామముల వైపు తిరిగి 1896లో మెదకు చేరిరి. ఆ దినములలో హైదరాబాదునుండి మెదకుకు గుఱ్ఱముమీద రెండు దినముల ప్రయాణము. తరువాత కరవు వచ్చినప్పుడు ఆకలిగొన్న ప్రజలకు పనియు తిండియు దొరకునట్లు గొప్ప దేవాలయ నిర్మాణమును సాగించిరి. 1914లో మొదలైన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము 175 అడుగుల ఎత్తు. 2024 క్రిస్మసు దినమునకు దానికి నూరేండ్లు నిండినవి. తన పనిని మార్చుకొన్న ఒక సేవకునివలన పనిలేని అనేకులకు కూలి దొరికెను. ఆయన యెక్కువ జీతము వెదకి పోలేదు, అవసరము ఎక్కువగా ఉన్న చోటికి పోయెను.

కాబట్టి పట్టణములో నున్న మీ బిడ్డలకు ఈ మాటలు చదివి వినిపించుడి. పని చేసిన దినములను పుస్తకములో వ్రాసికొనుడి. జీతము తప్పిన యెడల యజమానిని మర్యాదగా, స్పష్టముగా అడుగుడి. వాయిదామీద వాయిదా పెట్టిన యెడల వేరొక చోట విచారించుడి. సాధ్యమైనంతవరకు అది దొరికిన తరువాతనే దీనిని విడువుడి. యజమాని కార్ఖానా నడుచుటకు మీ తల్లి కమ్మలు కుదువబెట్టకుడి. వెళ్లునప్పుడు రావలసిన బాకీ, ప్రావిడెంటు ఫండు లెక్క, పని చేసినట్టు పత్రము అడిగి తీసికొనుడి. యజమాని పనిముట్టు ఒక్కటియు మీ సంచిలో నుండరాదు. చెప్పి వెళ్లుడి.

సంఘ పెద్దలారా, పని విడిచి వచ్చినవానిని "నిలుపుకోలేనివాడు" అని నవ్వకుడి. అతని వృత్తాంతము ముందుగా వినుడి. మేమును ఇకమీదట, ఓర్చుకొమ్మని చెప్పకముందు, జీతము ముట్టి ఎన్ని నెలలైనదో అడుగుదుము.

ఆ యౌవనుడు ఇప్పుడు వేరొక చోట వెల్డింగు పనిలో నున్నాడు. నెలనెల జీతము ముట్టుచున్నది. మేము ఆ యింటికి వెళ్లి మా తప్పు ఒప్పుకొంటిమి. ఆ తల్లి చెంబుతో నీళ్లిచ్చి, "కూసోండ్రి, అయ్యగారూ" అన్నది. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. ఆమె కమ్మలు విడిపించుటకు మేము నెలకు కొంత తీసియుంచుచున్నాము.

ప్రార్థన: యాకోబు కూలిని లెక్కించిన దేవా, మా బిడ్డల చెమటను నీవు చూచుచున్నావు. నిలువవలసిన చోట నిలుచుటకు బలమును, కదలవలసిన వేళ కదలుటకు ధైర్యమును అనుగ్రహించుము. సలహా చెప్పు మాకు వినునట్టి చెవి నిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.