నిటారవుతున్న హంసగోపురం

తథాగతా! నీ పలుకులు దాచుకోవడానికి లేచిన గోపురం ఒకటి ఒరిగి, మళ్ళీ మెల్లమెల్లగా తలెత్తుతోంది.

షియాన్‌లో పొద్దు పొడుస్తోంది. కోటీ ముప్పై లక్షల ఊపిరుల మహానగరం. అద్దాల మేడల మీద అరుణకాంతి, దారుల నిండా బండ్ల వరద. ఆ హోరు నడిమధ్యన, మట్టివన్నె ఇటుకల ఏడంతస్తుల మౌనంగా నిలబడింది పెద్ద హంసగోపురం. చైనావాళ్ళు అడవిబాతు గోపురం అంటారు. ఆ పక్షే మన సంస్కృతంలో హంస.

అప్పుడీ ఊరు చాంగాన్. చిరశాంతి అని పేరుకు అర్థం. 645లో చైనా బౌద్ధభిక్షువు హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి తెచ్చిన 657 గ్రంథాలను ఇక్కడే దించాడు. 652లో ఈ గోపురం లేస్తుంటే ఆ మహాపండితుడు తట్ట పట్టి, ఇటుకలు తానే మోశాడట! ఆ పాదాలు మన కృష్ణాతీరపు ధూళి ఎరిగినవి. ధాన్యకటకంలో, అంటే మన అమరావతి చెంత, నెలల తరబడి ఆగి, ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకుని, తనకు వచ్చింది వాళ్ళకు చెప్పిన మనిషి ఆయన. అమరావతి గాలిలో విన్న మాట ఎడారులు దాటి, మంచుకొండలు దాటి, చాంగాన్ చెవిన పడింది. ఎంత దూరం నడిపించావయ్యా నీ మాటను!

గోపురం ఏనాడో కొంచెం ఒరిగింది. ఊరు పెరిగే కొద్దీ మరింత ఒరిగింది. పెరిగే ఊరికి దాహమెక్కువ కదా. గొట్టపుబావులు నేల కడుపులో నీటిని తోడేశాయి, నీరు లేని మన్ను కుంగింది. 1996 నాటికి శిఖరం మీటరు పైచిలుకు పక్కకు వాలింది. అప్పుడా ఊరు బావులు మూసింది. చిన్‌లింగ్ కొండల జలాశయం నుంచి నీళ్ళు తెచ్చుకుంది. ఎండిన నేలకు తిరిగి నీళ్ళు పట్టింది. పాతాళంలో తడి మేలుకుంది, మన్ను ఊపిరి పీల్చుకుంది, గోపురం కదిలింది. ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు! గోరు కూడా అంతకన్నా తొందరగా పెరుగుతుంది. ఆ మిల్లీమీటరులో ఎంత దయ ఉందో తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఊరి నడిబొడ్డున గంటగోపురం ఉంది. 1384లో కట్టారు. ఊరి కేంద్రం తూర్పుకు జరిగిందని 1582లో గోపురాన్నే విప్పి ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. ఒకనాడు ఊరి కోసం గోపురం కదిలింది. 2011లో మెట్రో వచ్చినప్పుడు గోపురం కోసం ఊరే పక్కకు తప్పుకుంది. రెండు సొరంగాలూ గోపురానికి చెరో పక్కగా, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుల్లా వంపు తిరిగి సాగాయి. పట్టాల కింద అదురు తగ్గించే ఏర్పాట్లు కూడా చేశారు. రైలు నిండా జనం, పైన పాత కలప నిద్ర. ఆ నిద్ర చెడదు.

ఈ నేలలో పునాది తీసే ముందు మన్నును అడగాలి. సగం చీల్చిన గొట్టంలాంటి పొడవాటి పారను నేలలో దింపి, తిప్పి, పైకి లాగుతారు. పారను అంటిపెట్టుకుని మట్టికడ్డీ వస్తుంది. పైన పసుపు, కింద బూడిద, ఇంకా కింద దిమ్మెస కొట్టిన గట్టిమన్ను. చూసేవాడు ముక్కను వేళ్ళ మధ్య నలిపి, వెలుగుకు పట్టి, అక్కడ గోడ ఉందో గోరీ ఉందో చెబుతాడు. పిడికెడు మట్టిలో హాన్ రాజులు, థాంగ్ రాజులు! ఏ పుస్తకం రాశావు స్వామీ, పేజీలన్నీ మట్టితోనే!

1370ల నాటి కోటగోడ నేటికీ పదమూడున్నర కిలోమీటర్లకు పైగా ఊరిని కౌగిలించుకునే ఉంది. పన్నెండు మీటర్ల ఎత్తు. గోడ లోపల మేడలు ఒక హద్దుకు మించి లేవకూడదని కట్టడి పెట్టుకున్నారు. ఆకాశాన్నంటగల ఊరు, తాతగారి ఎదుట మనవడిలా తల వంచుకుని నిలబడింది. పొద్దున్నే గోడ నీడన ముసలివాళ్ళు గొంతెత్తి తమ పాత నాటకాల పాటలు పాడుకుంటారు.

చైనా పార్కుల్లో పొద్దుటిపూట ఒక దృశ్యం కనిపిస్తుంది. నడుమెత్తు కుంచె, పక్కన నీళ్ళ బాల్చీ. ఒక పెద్దాయన కుంచె ముంచి, రాతిపలక మీద అక్షరాలు దిద్దుతాడు. సిరా లేదు, ఒట్టి నీళ్ళు. చివరి అక్షరం తడిగా మెరుస్తుంటే మొదటిది ఎండలో ఆరిపోతుంటుంది. ఆయన చింతపడడు. మళ్ళీ ముంచి, మళ్ళీ మొదటి నుంచి రాస్తాడు. ఆ తీరే ఈ ఊరిలోనూ నాకు కనిపిస్తుంది. నీళ్ళతో రాసే చేయి, నీళ్ళు విడిచిపెట్టి గోపురాన్ని నిలిపిన ఊరు, రెండింటి వెనకా ఒకే ఓర్పు. ఆ ఓర్పు నీదే, తథాగతా.

మీలో ఎవరైనా షియాన్ వెళితే, హంసగోపురం ముందు చెప్పులు విడిచి, ధాన్యకటకం పేరు ఒక్కసారి పైకి అనండి. ఆ ప్రాంగణానికి అది కొత్త పేరు కాదు.