మన్ను లేని మొక్క

మొక్కకు మన్ను ఏల అని అడిగినచో మన పెద్దలు నవ్వియుందురు. పెండ్లికి ముందు పుట్టమన్ను తెచ్చి, పాలికలలో నింపి, నవధాన్యములు చల్లి అంకురార్పణము చేయు సంప్రదాయము మనది. అట్టి మనకు, గదిలో ఒక పెట్టెపై, గాలిలో వ్రేలాడు వేళ్లతో కొత్తిమీర పెరుగుట చూచినప్పుడు ధర్మసందేహము కలుగుట సహజము. నేలతల్లి ఋణము ఇచట తీరినట్లా, ఎగవేసినట్లా?

పద్ధతి ఇది. మూసిన పెట్టె మూతకు రంధ్రములు చేసి మొక్కల మొదళ్లను వానిలో నిలుపుదురు. వేళ్లు లోపలి చీకటిలో వ్రేలాడును. అడుగున నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగు పోషకములు కరిగిన నీరుండును. చెవికి వినబడని ధ్వనికంపములతో ఒక చిన్న యంత్రము ఆ నీటిని పొగమంచుగా మార్చును. వేళ్లు ఆ మంచునే త్రాగును. ఎండకు బదులు విద్యుద్దీపములు. 1957లో ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు కాఫీ, టొమాటో మొక్కల వేళ్లకు పోషకజలమును తుంపరగా అందించి, ఈ విధమగు సాగుకు ఏరోపోనిక్సు అని పేరు పెట్టెను. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ తెగుళ్లు లేని విత్తన దుంపలకై ఈ మార్గమునే చేపట్టినది. కనుక దీనిని ధనికుల వేడుక యని తీసివేయరాదు.

ఇంతకు మన్ను మొక్కకు ఇచ్చునదేమి? వాన్ హెల్మాంట్ అను పండితుడు 200 పౌండ్ల ఎండుమన్నులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, 5 ఏండ్లు నీరు మాత్రమే పోసెను. చెట్టు 169 పౌండ్లు దాటినది. మన్ను తగ్గినది సుమారు 2 ఔన్సులు. ఈ సంగతి 1648లో అచ్చయినది. చెట్టు బరువంతయు నీరే యని ఆయన తలచెను. గాలి వంతు ఆయనకు తెలియదు. లెక్కలు వ్రాసి బ్రతికిన నాకు ఈ పద్దు మిక్కిలి నచ్చినది. అయినను, ఆ రెండు ఔన్సులకేనా తల్లి యని పేరు?

కాదు. యజమాని ఊరికి పోయినను నేల తేమను దాచి కొన్నాళ్లు మొక్కను కాచును. ఎరువు కొంచెము ఎక్కువ తక్కువలైనను సర్దుకొనును. మంచుపెట్టెకు ఆ ఓర్పు లేదు. కరెంటు పోయినచో కొద్ది గంటలలో వేళ్లు వడలును. మన్నును తొలగించినవాడు మన్ను చేయు కాపలాను తాను పూనవలెను. పూననిచో అది ఎగవేతయే. పైగా ఆ పొటాషు, భాస్వరము గనులలో త్రవ్వినవే. నేలను విడిచితి ననుకొన్నవాడు దూరపు నేలను తినుచున్నాడు!

బరంపురము తెలుగువారమైన మన సంగతి ఇందుకు తలక్రిందులు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు మనలో అనేకుల పెద్దలు ఊరు విడువలేదు, సరిహద్దే కదలినది. మన్ను అదే. మారినది గాలి: బడి భాష, కచేరీ భాష. కాకినాడ పిల్లవానికి తెలుగు నేలతేమవలె అడుగకయే అందును. ఇంట అశ్రద్ధ చేసినను వీధి సర్దును. ఇచట ఇల్లే ఆ యంత్రము. మా వీధిలో ఒక గృహిణి రాత్రి భోజనములైన పిదప మనుమలచేత పెద్దబాలశిక్షలో అరపుట చదివించును. ఒడియా చక్కగా వచ్చిన పిల్లలు వారు. ఆ భాషపై ఆమెకు కినుక లేదు. పరీక్షల దినములలోను ఆ అరపుట మానదు. పరీక్షలయ్యాక చూడరాదా అని నేనొకనాడు అనబోయితిని. “మధ్యలో మాట్లాడించకండి అన్నయ్యగారూ, వీడు ఒత్తుల దగ్గర తడబడతాడు” అని ఆమె చిన్నవాని వ్రేలిని తప్పిన వరుసపై తిరిగి పెట్టినది.