ఆకాశానికి కాపలా: ఒక ధర్మసందేహం

పరాయి దేశంలో యుద్ధం జరుగుతూ వుంటుంది. బలవంతుడి విమానాలు బలహీనుడి వూళ్లమీద బాంబులు కురిపిస్తూ వుంటాయి. దూరాన వుండి చూసే మనబోటివారికి మొట్టమొదట తోచే మాట ఒక్కటే: ఆ విమానాలను ఎవరైనా ఆపకూడదా? మనిషన్నవాడికి ఈ మాట తోచకపోతేనే విచారించాలి. ఈ కోరికకు రాజనీతిజ్ఞులు పెట్టిన పేరు ‘నో ఫ్లై జోన్’. తెలుగులో విమాన నిషేధ మండలం అనుకోవచ్చు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మాటలో ఏముందో, ఏం లేదో చూడడం నా వృత్తి. ఈ మాటలో కర్మ వుంది, క్రియ వుంది, కర్త లేడు. ‘ఇచ్చట పొగ త్రాగరాదు’ అని బస్సులో రాసిన రాతకూ దీనికీ రూపంలో భేదం కనిపించదు. ఎవరు నిషేధిస్తారు? నిషేధాన్ని ధిక్కరిస్తే ఎవరు, ఎవరిని, దేనితో కొడతారు? ఈ ప్రశ్నలకు జవాబు మాటలో లేదు. జవాబు లేకపోవడమే ఆ మాటకున్న ఆకర్షణ.

ఆ ఆకర్షణకు నేనూ లోబడ్డాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు వుక్రెయిన్‌లో ప్రవేశించాయి. మన రాష్ట్రాలనుంచి వైద్యవిద్యకు వెళ్లిన పిల్లలు అక్కడ చాలామంది వున్నారు. మా కాలేజీలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అన్నగారు ఖార్కివ్‌లో ఒక భవనం నేలమాళిగలో చిక్కుకుపోయాడు. ఆ పిల్ల తరగతిలో కూర్చుని ఫోను చూసుకుంటూ వుండేది, నేను వద్దనలేకపోయాను. ఆ వారంలోనే మా వూళ్లో కొద్దిమందిమి సమావేశమై ఒక తీర్మానం రాశాం. ముసాయిదా నాదే. “వుక్రెయిన్ గగనతలాన్ని ప్రపంచ రాజ్యాలు తక్షణమే నిషిద్ధమండలంగా ప్రకటించాలి” అని అందులో ఒక వాక్యం. అందరూ బాగుందన్నారు. వెనక వరసలో కూర్చున్న పెద్దాయన, రిటైరైన ఫిజిక్సు మాస్టారు, లేచి, “బాబూ, ప్రకటించడం సరే, పేల్చేది ఎవరు?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. వాక్యం కొట్టేశాం. కాని ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ప్రశ్నకు నాకు దొరికినంత సమాధానం ఇక్కడ మనవి చేస్తాను.

ముందుగా ఈ నిషేధం ఆచరణలో ఏమిటో చూడాలి. ఒక దేశం ఆకాశంలో మన విమానాలు రాత్రింబవళ్లు తిరగాలంటే, ఆ దేశపు నేలమీద వాటిని కూల్చగల రాడార్లూ క్షిపణులూ వుండకూడదు. కనుక నిషేధం మొదలయ్యేది నేలమీది దాడితోనే. 2011 మార్చి మొదట్లో, లిబియా విషయమై, ఆనాటి అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ ఈ సంగతిని తమ ప్రతినిధుల సభలో దాపరికం లేకుండా చెప్పాడు. అలాగే జరిగింది. మార్చి 17న భద్రతాసమితి 1973వ తీర్మానం చేసింది; 19న వందకు పైగా క్షిపణులు లిబియా మీద పడ్డాయి. నిషేధం యుద్ధానికి ప్రత్యామ్నాయం కాదు, యుద్ధంలో మొదటి అంకం.

ఇక దీని చరిత్ర. 1991లో గల్ఫు యుద్ధం ముగిశాక సద్దాం సేనలు కుర్దుల మీదా, దక్షిణాది షియాల మీదా విరుచుకుపడ్డాయి. అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు కలిసి ఇరాకులో 36వ అక్షాంశానికి ఉత్తరాన, మరుసటి ఏడు 32వ అక్షాంశానికి దక్షిణాన ఇరాకు విమానాలను నిషేధించాయి. ఉత్తరాన కుర్దులు కొండలు దిగి ఇళ్లకు చేరుకున్నారు. తమను తాము పాలించుకోవడం మొదలుపెట్టారు. ఆ మేలును కాదనడం అన్యాయం. కాని దక్షిణాన ఏమైంది? ఆకాశంలో విమానాలు కావలి కాస్తూనే వున్నాయి, కింద సద్దాం ప్రభుత్వం కాలవలు తవ్వి, కట్టలు వేసి, వేల ఏళ్లుగా జనం బతికిన చిత్తడి నేలలను ఎండగట్టింది. నీళ్లు తోడేసేవాణ్ణి ఆకాశంనుంచి నిషేధించడం ఎలా? ఉత్తరాన సైతం 1996 ఆగస్టు చివర ఇరాకు టాంకులు అర్బీలు నగరంలోకి నేలమీదుగానే వచ్చాయి. 1994 ఏప్రిల్ 14న, అదే ఉత్తరాన, అమెరికా యుద్ధవిమానాలు తమ దేశపు హెలికాప్టర్లనే రెంటిని శత్రువులవనుకొని కూల్చాయి; ఇరవైయారుగురు చనిపోయారు. తాత్కాలికంగా మొదలైన ఈ కాపలా పన్నెండేళ్లు సాగింది. అది ముగిసింది శాంతితో కాదు, 2003 దండయాత్రతో.

బోస్నియాలో 1992 అక్టోబరులో నిషేధం వచ్చింది. దానిని బలప్రయోగంతో అమలు జరపడానికి 1993 మార్చిలో అనుమతి వచ్చింది. 1994 ఫిబ్రవరి 28న నాటో విమానాలు నాలుగు సెర్బు విమానాలను కూల్చాయి. నిషేధం చేవగలదేనని అందరూ నమ్మారు. మరుసటి ఏడు జూలైలో స్రెబ్రెనీత్సా పతనమైంది. సురక్షిత ప్రాంతమని ఐక్యరాజ్యసమితి ప్రకటించిన వూరది. దాదాపు ఎనిమిదివేలమంది మగవాళ్లనూ మగపిల్లలనూ వేరుచేసి, వాహనాల్లో తీసుకుపోయి చంపారు. హంతకులకు విమానాలు అవసరం లేకపోయింది, తుపాకులు చాలినాయి. ఆకాశం మాత్రం నిషిద్ధమండలంగానే వుంది.

లిబియా సంగతి మరొక రకం. అక్కడ తీర్మానం పౌరులను రక్షించమన్నది. పదిమంది అనుకూలంగా వోటు చేశారు. ఇండియా, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిలు తటస్థంగా వుండిపోయాయి. బెన్‌ఘాజీ మీదికి వస్తున్న సేనలు ఆగిపోయాయి. అంతవరకు రక్షణే. కాని దాడి అక్కడితో ఆగలేదు. ఏడు నెలలు సాగి, అక్టోబరు 20న గడాఫీ హతుడయ్యేదాకా పోయింది. తర్వాత లిబియా రెండు ముక్కలై, 2014లో మళ్లీ అంతర్యుద్ధంలో పడింది. ఆ దేశపు ఆయుధాలు ఎడారి దాటి మాలీదాకా పోయాయి. 2016 సెప్టెంబరులో బ్రిటిషు పార్లమెంటు విదేశాంగ సంఘమే తమ ప్రభుత్వ విధానాన్ని ఎండగడుతూ నివేదిక ఇచ్చింది. గడాఫీ నియంత కాదని నేననడం లేదు. రక్షణ పేరుతో ఇచ్చిన అనుమతి ప్రభుత్వాన్ని కూల్చే అనుమతిగా మారడానికి ఎవరి సమ్మతీ అవసరం లేకపోయిందని మాత్రమే అంటున్నాను.

ఈ మూడు చోట్లా నిషేధించినవాడు బలవంతుడు, నిషేధానికి గురైనవాడు బలహీనుడు. వుక్రెయిన్‌లో అలా కాదు. ఎదుటివాడి చేతిలో అణ్వస్త్రాలు వున్నాయి. పైగా వుక్రెయిన్ ఆకాశాన్ని అందుకోగల క్షిపణులు రష్యా నేలమీదా, బెలరూస్ నేలమీదా వున్నాయి. కాపలా కాయాలంటే వాటిని కొట్టాలి. అంటే ఒక అణ్వస్త్ర రాజ్యపు గడ్డమీద బాంబులు వెయ్యాలి. 2022 మార్చి 4న నాటో ఈ కోరికను నిరాకరించింది. ఐరోపా అంతటా యుద్ధం అంటుకుంటుందని కారణం చెప్పింది.

ప్రమాదం నిశ్చయమా? కాదు. 2015 నవంబరులో నాటో సభ్యదేశమైన టర్కీ రష్యా విమానాన్ని కూల్చింది, ప్రపంచయుద్ధం రాలేదు. కాని అది ఒక్కనాటి సంఘటన. కాపలా అనేది రోజూ జరిగేది, ప్రతిరోజూ ఒక పందెం. 1962 అక్టోబరు 27న క్యూబా మీద ఎగిరిన అమెరికా గూఢచారి విమానాన్ని అక్కడి సోవియట్ అధికారులు మాస్కోను అడగకుండానే కూల్చారు. కెనెడీ ప్రతిదాడికి దిగకుండా నిగ్రహించుకున్నాడు. రెండుదేశాల నాయకులకూ యుద్ధం అక్కరలేని రోజున కూడా, నిప్పు ముట్టించే అగ్గిపుల్ల ఎవరో కిందిస్థాయి ఉద్యోగి చేతిలో వుండిందన్నమాట. మానవాళి బతుకు అటువంటి నిగ్రహం మీద ప్రతిరోజూ ఆధారపడడం క్షేమం కాదు.

ఇంతవరకు చదివిన మిత్రుడు ఇలా ఆక్షేపించవచ్చు: “ఇది పిరికివాడి తర్కం. చిన్నవాణ్ణయితే కొట్టవచ్చు, బాంబున్నవాణ్ణి కొట్టరాదంటే, ధర్మానికి ప్రమాణం బలమే అని ఒప్పుకున్నట్లు కాదా? పైగా, జోక్యం వద్దన్న నీతి స్పెయిన్‌ను ఏం చేసిందో మరచిపోయావా?”

మరచిపోలేదు, అభ్యుదయ రచయితలు మరచిపోగూడని చరిత్ర అది. 1936 ఆగస్టులో ఐరోపా రాజ్యాలు స్పెయిన్‌లో జోక్యం చేసుకోమని ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నవాటిలో జర్మనీ, ఇటలీ కూడా వున్నాయి. 1937 ఏప్రిల్ 26న గెర్నికా మీద బాంబులు వేసినవి ఆ రెండుదేశాల విమానాలే. మాట నిలబెట్టుకున్న దేశాల మూలాన స్పెయిన్ ప్రజాప్రభుత్వానికి ఆయుధాలు కొనుక్కునే దారి కూడా మూసుకుపోయింది. మరుసటి ఏడు నెహ్రూ బార్సెలోనాకు వెళ్లి ఆ జనం పక్కన నిలబడ్డాడు. కనుక జోక్యం చేసుకోకపోవడం ఎప్పుడూ నిర్దోషమని నేననను. చేయని పనికి కూడా కర్త వుంటాడు. 2022 మార్చి 16న మరియుపోల్‌లో జనం తలదాచుకున్న నాటకశాల మీద బాంబు పడింది. బయట నేలమీద ‘పిల్లలు’ అని పెద్ద అక్షరాలతో రాసివుంది. అదేరోజున వుక్రెయిన్ అధ్యక్షుడు అమెరికా కాంగ్రెసు ముందు, మా ఆకాశాన్ని కాపాడమని వేడుకున్నాడు. ఆయన అడగడం తప్పని ఎవరనగలరు?

బలమే ప్రమాణమవుతున్నదనే ఆక్షేపణలో ఇంకా బరువున్నది. లిబియా తన అణ్వస్త్ర ప్రయత్నాన్ని 2003లో విడిచిపెట్టింది. వుక్రెయిన్ తన నేలమీద వున్న అణ్వస్త్రాలను వదులుకుంటూ 1994లో బుడాపెస్టులో హామీలు పుచ్చుకుంది. ఈ రెంటికీ జరిగినది చూసిన చిన్నదేశాలు ఏ పాఠం నేర్చుకుంటాయో చెప్పనక్కరలేదు. నేను సమర్థిస్తున్న నిగ్రహానికి ఇదీ మూల్యం. దానిని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు.

అయినా నా నిర్ణయం మారలేదు. కారణం చెప్పడానికి మన పిల్లలకు తెలిసిన కథే చాలు. శిబి చక్రవర్తి శరణన్న పావురాన్ని కాపాడాడు. డేగకు తన తొడ కోసి ఇచ్చాడు. తూకానికి చాలకపోతే తానే తక్కెడలో కూర్చున్నాడు. పురాణకథ అని తోసివేయకుండా చూస్తే ఇందులో రెండు ధర్మాలు వున్నాయి. శరణన్నవాణ్ణి నాకేమని వదిలివేయరాదు అన్నది ఒకటి. తూకంలో వెయ్యవలసింది తన మాంసమే అన్నది రెండవది. పొరుగువాడి తొడ కోసి ఇచ్చివుంటే శిబిని మనం దాత అనం. ప్రాణాన్ని పణం పెట్టడం త్యాగమే. కాని ఆ ప్రాణం పెట్టేవాడిదై వుండాలి. అణుయుద్ధపు అంచున ఆడే ఆటలో తక్కెడలో పడేది ఐరోపా మాత్రమే కాదు. ఆ యుద్ధంతో నిమిత్తంలేని దేశాల పిల్లలు, ఇంకా పుట్టనివారు, చివరకు మనం కాపాడదలచిన వుక్రెయిన్ ప్రజలే అందులో వున్నారు. వాళ్ల తరపున పందెం కాసే హక్కు నాకు ఎవరిచ్చారు? తీర్మానం రాసిన రోజున, పదివేల మైళ్లకు కాకపోయినా వేల మైళ్ల దూరాన ఫాను కింద కూర్చుని, నేను చేసినది అదే.

అయితే శిబి కథలో మొదటి ధర్మం మిగిలేవుంది. ఆకాశానికి కాపలా పెట్టలేమన్నవాడు అంతటితో చేతులు కడుక్కోరాదు. ఆత్మరక్షణ చేసుకునేవాడికి సాధనాలు అందకుండా చేయడం ఒకటి, అతని బదులు మనమే యుద్ధంలో దిగడం మరొకటి. ఈ రెంటి మధ్య చాలా చోటు వుంది. నిరాశ్రయులకు ఇల్లివ్వడం, గాయపడినవారికి వైద్యం, జనం బయటపడే దారికోసం పట్టుబట్టడం, దురాక్రమణను దురాక్రమణ అని పేరుపెట్టి పిలవడం, ఇవన్నీ ఆ చోటులోవే. మన ప్రభుత్వం 2011లో తటస్థంగా వుంది, 2022 ఫిబ్రవరిలో భద్రతాసమితిలోనూ తటస్థంగానే వుంది. వోటు వెయ్యకపోవడానికి కారణాలు వుండవచ్చు. రచయితకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. పేల్చమని కేకలు వెయ్యకుండానే, పేల్చినవాణ్ణి తప్పుపట్టవచ్చు.

మా విద్యార్థిని అన్నగారు మార్చి నెలలో ఇల్లు చేరాడు. ఖార్కివ్‌నుంచి కొంతదూరం నడిచి, రైలెక్కి, సరిహద్దు దాటి, మన ప్రభుత్వం పంపిన విమానంలో వచ్చాడు. చూడబోయాను. కాఫీ ఇచ్చి, కాసేపు మాట్లాడాక, “మాస్టారూ, మాకు అనాటమీ చెప్పిన ఆవిడ అక్కడే వుండిపోయింది. మమ్మల్ని రైలెక్కించి వెనక్కి వెళ్లింది,” అన్నాడు. మీ ఆకాశాన్ని నిషిద్ధం చెయ్యమని రాసిన వాక్యాన్ని నేను కొట్టేశానని ఆవిడకు చెప్పవలసివస్తే ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. కొట్టేయడం సరైనదేనని నా నమ్మకం. ఆవిడ ముఖంలోకి చూసి చెప్పగలనన్న నమ్మకం మాత్రం లేదు.