శోధన

నాకు ప్రార్థన నేర్పింది పాస్టరుగారు కాదు, మాయమ్మ. తెల్లారుజామున నాలుగింటికి లేచి, మిరపకోతలకి పోయేముందు మోకాళ్లేసేది. చదువు రాదు. "అయ్యా, ఇయ్యాళ నా నోటిని కాయి. బయంతో అబద్దం ఆడనీకు" అని గొంతెత్తి అడిగేది. కూలి ఎగ్గొట్టే ఆసామి ముందు నిలబడాల్సిన మనిషికి ఆ ప్రార్థన ఎందుకో అప్పుడు నాకు తెలీదు.

మా పల్లె గుడిలో శోధన అంటే సారా, సినిమా, పేకాట. నాకొచ్చిన శోధన వేరు. టీచరుద్యోగం వచ్చిన కొత్తలో, బడి ఉన్న ఊళ్లో అద్దె ఇంటికోసం తిరుగుతున్నా. ఒకాయన గదులు చూపించాడు. కాఫీ ఇప్పించాడు. చివర్లో నవ్వుతూ "మాస్టారూ, మీరేమిట్లండీ?" అన్నాడు. నా పేరులో ఏ ఆనవాలూ లేదు. బడిలో నాన్న రాయించిన పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి. నోటికొచ్చిన కులం పేరు చెప్పేశాను. ఇల్లు దొరికింది.

నెల తర్వాత మాయమ్మ వచ్చింది. తెల్లారుజామున మోకాళ్లేసి నోరు తెరవబోతుంటే "అమ్మా, మెల్లగా. కింద వింటారు" అన్నాను. నావంక చూసింది. ఆ పూట పెదాలు కదపకుండా ప్రార్థన చేసుకుంది. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

పాస్టరుగారికి చెబితే "అబద్ధం పాపం, క్షమాపణ అడుగు" అన్నారు. సంఘంలో మిత్రులేమో "అడిగినవాడిది నేరం, నీదేంటి?" అన్నారు. రెండో మాటలో నిజం ఉంది. కులం అడిగి ఇల్లిచ్చేవాడే ఈ శోధన పెట్టినవాడు. ఆ మాటకొస్తే చట్టమూ పెట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు మాత్రం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లని బి.సి.-సి లో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మతం మారితే హోదా పోయింది గానీ, వెలివాడ పోయిందా? మనవాళ్లు రెండు పేర్లతో బతకడం సరదాకి కాదు.

కానీ మాయమ్మ నోరు మూయించింది ఇంటాయన కాదు, చట్టం కాదు. నేను. ఆ లెక్క ఎవరి ఖాతాలో వెయ్యను?

గెత్సేమనే తోటలో యేసు శిష్యులకు చెప్పినవి రెండు పనులు. మెలకువగా ఉండమన్నాడు, ప్రార్థన చెయ్యమన్నాడు. మనం రెండోది పట్టుకుని మొదటిది వదిలేశాం. ఆ గిన్నె తొలగిపోవాలని ఆయనా అడిగాడు. తొలగలేదు. ఆయన లేచి ఎదురెళ్లాడు, శిష్యులు నిద్రపోయారు. ప్రార్థన చేస్తే శోధన రాకుండా పోదని నాకక్కడే అర్థమయింది. అది వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టే మెలకువనిస్తుంది. ఎవరిది నేరమో, ఏది నా తప్పో విడదీసి చూపిస్తుంది. నన్ను నిద్రపుచ్చేది ప్రార్థన కాదు, మత్తు.

వారం రోజులు మోకాళ్లేశాక ఇంటాయనకి నా కులం చెప్పాను. ఆయన కేకలెయ్యలేదు. "మావాళ్లు వస్తున్నారు మాస్టారూ, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి" అన్నాడు. సామాను ఆటోలో వేసుకుని వచ్చేశాను. అందులో గెలుపేమీ లేదు. ఎవరి మనసూ మారలేదు.

ఇప్పుడు పేట చివర ఒక రేకుల ఇంట్లో ఉంటున్నాను. మొన్న పండక్కి మాయమ్మ వచ్చింది. నాలుగింటికి లేచి "గట్టిగా చేసుకోనా అయ్యా?" అనడిగింది. తన కొడుకింట్లో తన దేవుడితో మాట్లాడటానికి నా అనుమతి అడిగింది. ఇల్లు మారినంత తేలిగ్గా ఆ ప్రశ్న పోలేదు.